సీటు కింది రాయి

"మా బండికి ఏ ప్రాబ్లమూ లేదమ్మా. బంగారం లాంటి బండి."

ఫోనులో ఈ మాట వినబడుతుండగా జ్యోతిర్మయి పప్పు కింద మంట తగ్గించింది. వంటగది గట్టు మీద ఒక పక్క లాప్‌టాప్, ఇంకో పక్క తరిగిన బెండకాయలు. కార్లు కొన్నవాళ్లకు ఫోను చేసి, గడచిన ఏడాదిలో బండి ఎక్కడెక్కడ ఇబ్బంది పెట్టిందో అడగడం ఆమె ఉద్యోగం. అలా పోగైన జవాబులను బట్టి ఏ కారు ఎంతవరకు నమ్మదగినదో ఆమె పనిచేసే సంస్థ తేల్చి చెబుతుంది. ఆమె గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. అత్తగారు తాయారు మాత్రం వచ్చినవాళ్లతో, "మా కోడలు ఫోన్లో కబుర్లాడతాది, దానికే జీతమిత్తారు" అని ఆశ్చర్యంగా చెబుతుంది. భర్త తిరుమలరావుది పోర్టులో కొలువు. ఆయనది ఆఫీసు, ఈమెది కాలక్షేపం అని ఆ ఇంట్లో ఎవరూ తీర్మానం చేయలేదు. తీర్మానం అవసరం లేనంత సహజంగా అది స్థిరపడిపోయింది.

ఆనాడు ఫోనులో ఉన్నది గాజువాక నుంచి గురునాథరావు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి.

"బ్రేకులు, ఏసీ, తలుపులు... దేంట్లోనూ ఇబ్బంది రాలేదా అండి?"

"ఏటీ లేదన్నాను కదమ్మా. జీవితమంతా మిషన్లు సూసినోణ్ని. నాను సెలెక్టు సేసిన బండది."

వెనక నుంచి ఒక స్త్రీ గొంతు వినిపించింది. "నా పక్క డోరు లోపల్నించి తెరుసుకోదు కదా. అది సెప్పవేటి?"

"అది ప్రాబ్లమేటే? అద్దం దించి, సెయ్యి బయటికెట్టి తీత్తే వత్తాది!"

"వత్తాది. వానొచ్చినప్పుడు తడిసీది నాను. నువ్వు తడవవు, అందుకే నీకు ప్రాబ్లం లేదు."

లోపం బయటపడిన మరుక్షణం అడగవలసిన ప్రశ్న ఒకటి వాళ్ల సర్వేలో ఉంది. జ్యోతిర్మయి అలవాటుగా అడిగేసింది. "ఎప్పటి నుంచి ఉందండి ఈ సమస్య?"

"కొన్న ఏడాది నించీ ఉంది తల్లీ" అంది ఆవిడ.

"అది కొట్టీయమ్మా" అన్నాడు గురునాథరావు. "ఓనర్ని నాను కదా."

నిజమే. ఎవరి పేరున కారు రిజిస్టరయిందో వారి జవాబే లెక్కలోకి వస్తుందన్నది నిబంధన. జ్యోతిర్మయి 'సమస్య లేదు' అనే నమోదు చేసింది, చేశాక తెర వంక చూస్తూ కూర్చుండిపోయింది. పప్పు అడుగంటింది.

ఒక మనిషి మాట సాక్ష్యం కాదని ఆమెకు తెలుసు. వేలమంది మాటలను కలిపితే పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిజం మిగులుతుందనీ చదువుకుంది. కాని ఆ వేలమందీ ఒకే కారణంతో, ఒకే వైపు పొరబడితే? గురునాథరావు అబద్ధం చెప్పలేదు. ఆయన తన చేతులతో తాకిన బండి గురించి తనకు తెలిసిన నిజమే చెప్పాడు. ఆ తలుపు లోపం ఆయన దాకా రావడం లేదు, మధ్యలో భార్య చెయ్యి దాన్ని ఆపేస్తోంది. ఇక ఆ భార్య? ఆవిడ కూడా ఈరోజు ఏదో విసుగులో అంది గాని, మామూలుగా ఎవరైనా అడిగితే బండి బాగుందనే అనేది. ఏళ్ల తరబడి అద్దం దించి తలుపు తీసే మనిషికి ఆ దించడం తలుపు తీయడంలో భాగమైపోతుంది. అలవాటైన లోపం లోపంగా కనిపించడం మానేస్తుంది. అలాంటప్పుడు "ఏమైనా సమస్య ఉందా" అన్న ప్రశ్నే తప్పు. మరి సరైన ప్రశ్న ఏది?

అది ఆమెకు మర్నాడు అంట్లు తోముతుండగా తట్టింది. పని ముగిశాక సూపర్‌వైజరు ఉజ్మాకు ఫోను చేసి, కాల్స్‌లో కొత్త ప్రశ్న ఒకటి అడగనివ్వమంది. ఉజ్మాది నగరంలో పాత ఊరు అనే పేట. మాట కరుకు, చూపు నిశితం.

"స్క్రిప్టులో లేని ప్రశ్న అడిగితే కాల్ రిజెక్టు చేస్తారు జ్యోతీ. మాలూమ్ కదా నీకు?"

"మీ ఇంట్లో కారుంది కదా ఉజ్మా గారూ. ప్రాబ్లం ఏదైనా ఉందా?"

"ఏం లేదు. ఫస్ట్ క్లాస్."

"ఒకరోజు నాకిస్తారనుకోండి. ఏం జాగ్రత్త చెప్తారు?"

"ఏముందీ, సెకండ్ గేరు వేసేటప్పుడు కాస్త పైకి లాగి వెయ్యాలి. లేకపోతే పడదు. ఇంకోటి, వెనకద్దం సగం కంటే దించకు, మళ్లీ పైకి రా..." ఉజ్మా టక్కున ఆగింది. తరువాత చాలాసేపు నవ్వింది. "అరే! నా నోటితోనే కక్కించావు కదే. సరే, ఈ నెల నీ కాల్స్‌లో అడుగు. పై ఆఫీసుతో నేను మాట్లాడతాను."

ఆ నెలంతా అదే అడిగింది. బంగారం లాంటి బండ్లన్నీ నోరు విప్పాయి. వాన పడితే హారను మోగదు, ఎడమ వైపు తిరిగేటప్పుడు డాష్‌బోర్డు మీద ఒక గుద్దు గుద్దాలి, డిక్కీ మూత తలతో ఆపి పట్టుకోవాలి. ఇవన్నీ ఫిర్యాదులుగా రాలేదు, కొత్త మనిషికి చెప్పే మంచి మాటలుగా వచ్చాయి. అయినా కొందరు మగవాళ్ల దగ్గర ఆ ప్రశ్న కూడా బండరాయికి తగిలినట్టు వెనక్కి వచ్చేది. ఎందుకో తెలుసుకోవాలని ఒక సాయంత్రం భర్తకు టీ ఇస్తూ అడిగింది.

"మన కారు ఎవరికైనా ఇస్తే ఏం జాగ్రత్త చెప్తారండీ?"

"జాగ్రత్తలేటి? తాళమిచ్చీడమే" అన్నాడు తిరుమలరావు. "నా బండికి వంక పెట్టినోడు లేడు."

జ్యోతిర్మయి టీ కప్పు బల్ల మీద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన దాచడం లేదు. ఆయనకు నిజంగానే గుర్తు రాలేదు.

ఆ కారు ముందు సీటు కింద, పాత చీర ముక్కలో చుట్టిన నల్లరాయి ఒకటి ఉంది. హ్యాండ్ బ్రేకు పట్టదు. ఆనందపురం వెళ్లే దారిలో ఒకసారి వాలులో ఆపిన బండి వెనక్కి జారితే, ఆమె పరుగెత్తి రోడ్డు పక్క రాయి తెచ్చి టైరు కింద పెట్టింది. ఇంటికి వెళ్లేటప్పుడు తిరుమలరావు "ఆ రాయి ఉంచు, పనికొస్తాది" అన్నాడు. అప్పటి నుంచి ఎక్కడ వాలు కనిపిస్తే అక్కడ ఆమె దిగుతుంది, వంగుతుంది, రాయి పెడుతుంది. తిరిగి బయలుదేరేటప్పుడు అదే రాయి తీసి, దుమ్ము తుడిచి, చుట్టి, సీటు కింద పెట్టుకుంటుంది. గేరులో ఉంచితే చాలదా అంటే, ఆ బండి గేరులో ఉన్నా ఒక కుదుపు కుదిపి జానెడు జారుతుంది. పట్టు చీర కట్టిన రోజున కూడా ఆమె టైరు పక్కన గొంతుక్కూర్చుంది.

మర్నాటి నుంచి ఆమె రెండో ప్రశ్న చేర్చింది. "ఆ జాగ్రత్త మీ ఇంట్లో ఎవరు తీసుకుంటారండీ?"

ఈ రెండు ప్రశ్నలూ ఇకపై అన్ని ఊళ్లలో అడగాలని పై ఆఫీసు నిర్ణయించింది. అడగడం ఎలాగో మిగతావారికి నేర్పే పని ఆమెకే ఇస్తామంది. అయితే ద్వారకానగర్ ఆఫీసుకు రోజూ రావాలి, రోజంతా ఉండాలి. వచ్చే సోమవారానికి జవాబు చెప్పమంది ఉజ్మా.

తిరుమలరావు తిండి మధ్యలో తల ఎత్తాడు. "ఇంట్లో కూకునే సేసుకుంటన్నావు కదా. ఇప్పుడు నీకేటి ప్రాబ్లం?"

ఆ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. పుట్టింట్లో ఒకరోజు ఎక్కువ ఉండాలన్నప్పుడు అదే ప్రశ్న, ఎమ్మెస్సీ తరువాత పరిశోధనకు సీటు వచ్చినప్పుడు అదే ప్రశ్న. ప్రతిసారీ ఆమె "ఏం లేదండి" అంది. ఆ జవాబు నమోదయింది, ఇల్లు బంగారమని తేలింది. ఎవరో తప్పుడు ప్రశ్న అడిగారు, ఎవరో అలవాటైన జవాబు చెప్పారు, లెక్క సరిపోయింది. ఇన్నాళ్లూ గురునాథరావు భార్య తడిసినట్టు తనూ తడుస్తూ, అద్దం దించి తలుపు తీసుకుంటూ వచ్చింది.

"నువ్వెళ్లిపోతే ఇల్లెలా నడుత్తాదమ్మా?" అంది తాయారు.

ఇల్లు నడవదన్న మాట తాయారు నోట ఆమె వినడం అదే మొదలు. ఆగుతుందని తెలిసినవాళ్లకు ఇన్నాళ్లూ ఎవరు నడుపుతున్నారో కూడా తెలుసన్నమాట.

ఆ ఆదివారం తాయారుతో కలిసి యారాడ బీచికి వెళ్లారు. మరిది సందీప్ డ్యూటీలో ఉండటంతో, అతణ్ణి పెళ్లాడి కొత్తగా కాపురానికొచ్చిన హిమబిందును కూడా కార్లో ఎక్కించుకున్నారు. కింద సముద్రం దగ్గర కార్లు ఆపడానికి చదునైన చోటుంది. కాని ఇసుక ఎగిరి రంగు పాడవుతుందని తిరుమలరావు ఎప్పుడూ పైన వాలులోనే ఆపుతాడు. ఆరోజూ ఆపాడు. జ్యోతిర్మయి దిగి రాయి పెట్టింది.

హిమబిందు వింతగా చూసింది. "హ్యాండ్ బ్రేకు పని సెయ్యదా బావగారూ?"

తిరుమలరావు నవ్వాడు. అది ప్రేమగా, మెచ్చుకోలుగా నవ్విన నవ్వే. "హ్యాండ్ బ్రేకెందుకమ్మా? మీ అక్కుంది కదా."

తాయారు కూడా నవ్వింది. ఆ నవ్వులు అయ్యేవరకు జ్యోతిర్మయి టైరు పక్కన అలాగే కూర్చుని ఉంది. బ్రేకు బాగుచేయించకపోవడానికి కారణం ఆమెకిప్పుడు చాలా స్పష్టంగా, ఒక సూత్రం తేలినంత స్పష్టంగా తెలిసింది. తను ఉంది, అందుకని లోపం లేదు. తను ఉన్నంతకాలం ఆ లోపం ఉంటుంది. కోపం రాలేదు. లెక్క కుదిరినప్పుడు వచ్చే తేలికదనం వచ్చింది.

ఇసుకలో నడుస్తూ హిమబిందు అడిగింది. "అక్కా, మనింట్లో నాను జాగ్రత్తగా ఉండాల్సినవేటి? ముందే సెప్పీ."

నోరు తెరవగానే జాగ్రత్తలు వరసగా వచ్చాయి. బావగారు పేపరు మడిచేదాకా ఏ విషయమూ ఎత్తకు, అత్తయ్య వద్దంటే రెండోసారి అడగమని అర్థం, చేప ముక్కల్లో తల వైపువి మనకి... జ్యోతిర్మయి మధ్యలో ఆగిపోయింది.

"ఇన్ని గుర్తెట్టుకోడం కంటే బాగు సేయించుకోడం నయం కదక్కా" అంది హిమబిందు, గవ్వ ఏరుకుంటూ.

ఇంటికి చేరగానే జ్యోతిర్మయి సీటు కింది రాయిని తీసుకెళ్లి బాల్కనీలో కనకాంబరం కుండీకి ఎత్తు పెట్టింది. దానికి చుట్టిన బట్ట ఉతికి ఆరేసింది. తెల్లవారాక ఉజ్మాకు ఫోను చేసి, వచ్చే సోమవారం నుంచి వస్తానని చెప్పింది. హ్యాండ్ బ్రేకు గురించి భర్తకు రెండుసార్లు చెప్పింది. "ఇన్నాళ్లు లేని ప్రాబ్లం ఇప్పుడేటి?" అన్నాడాయన, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

మళ్లీ ఆదివారం, మళ్లీ యారాడ, మళ్లీ అదే వాలు. హిమబిందు దిగి అత్తగారిని చెయ్యి పట్టి దించింది. జ్యోతిర్మయి కూడా దిగి తలుపు వేసింది.

"జ్యోతీ, రాయెట్టు."

"రాయి లేదండి."

"లేదేటి? సీటు కింద సూడు. మర్సిపోనావా?"

"మర్చిపోలేదు. గుర్తుంచుకునే తీసేశాను."

"మరి బండెలా ఆగుతాది?"

"కింద చదునుగా ఉంది కదా, అక్కడ ఆగుతుంది. నేను రేపటి నుంచి ఆఫీసుకి వెళ్తున్నాను. వస్తానని ఉజ్మా గారికి చెప్పేశాను."

"దీనికీ దానికీ సంబంధమేటి?" అని అరిచాడు తిరుమలరావు, కాలు బ్రేకు మీద నుంచి తీయకుండానే. "నాను అడక్కుండా సెప్పీసావా?"

"చెప్పేశాను."

తాయారుకు కొడుకు కష్టం చూడబుద్ధి కాలేదు. "ఒరే, అది ఎట్టకపోతే పోనీ, నువ్వే ఏదో రాయి తెచ్చి ఎట్టుకోరాదా?"

"నాను దిగితే బండి జారిపోతాదే అమ్మా!"

తాయారు బండి వైపు చూసింది, వాలు వైపు చూసింది, కోడలి చేతుల వైపు చూసింది. "ఓహో" అని ఊరుకుంది. హిమబిందు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ముగ్గురు ఆడవాళ్లూ తీరానికి దిగారు. కారు వాళ్ల పక్కనుంచే మెల్లగా కిందికి వెళ్లింది. చదునైన చోటు కిక్కిరిసి ఉండటంతో ఇంకా దూరం వెళ్లింది. వలలు ఆరవేసిన గట్టు దాటి, ఎక్కడో కనబడకుండా పోయింది. వాళ్లు నీళ్లలో కాళ్లు తడుపుకుని, తాయారు అడిగిన మొక్కజొన్న కండెలు తినడం కూడా అయ్యాక, తిరుమలరావు ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. చేతిలో టిఫిను క్యారేజీ. అది ఆయన చేతిలో ఎలా ఉంటుందో వాళ్లు అంతకుముందు చూడలేదు.

క్యారేజీ కింద పెట్టి, ఊపిరి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "ఆ హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు. బాగు సేయించాలి."

యజమాని జవాబు అది. నిబంధన ప్రకారం లెక్కలోకి వచ్చే జవాబు. జ్యోతిర్మయి చేతులకంటిన ఇసుక దులుపుకుని, రోజూ ఫోనులో వినిపించే మర్యాదగల గొంతుతో, తరువాత అడగవలసిన ప్రశ్న అడిగింది.

"ఎప్పటి నుంచి ఉందండి ఈ సమస్య?"