పాత గొంతుకు చోటు

ఇంకా ఎరుపే, డౌన్‌లోడ్లన్నీ తీసేసింది, రీసైకిల్ బిన్ ఖాళీ చేసింది, ఎప్పుడో ఎక్కించి మరచిపోయిన ప్రోగ్రాములు పీకి పారేసింది, అయినా కంప్యూటర్లో సి డ్రైవు నిండిందని చూపే గీత ఎర్రగానే ఉంది, సగం వాక్యంలో రికార్డింగు ఆగిపోయి చోటు లేదని తెర మీద అదే మొండి మాట, ఇవాళైనా మొదటి అధ్యాయం పంపుతారా మేడమ్, లేకపోతే వేరే గొంతు చూసుకోమంటారా అని పొద్దున ఆడియో పుస్తకాలాయన ఫోనులో మెత్తగానే అడిగాడు, పంపుతానండీ అంది, అనేసింది కాబట్టి పంపాల్సిందే, ఇక మిగిలింది ఆ ఒక్క ఫోల్డరు, గొంతుకు ఆపరేషన్ కాకముందు చదివినప్పటి ముడి రికార్డింగులు, పూర్తయిన పుస్తకాలు ఎప్పుడో వినేవాళ్లకు చేరిపోయాయి, ఇవి తడబడి మళ్లీ చదివిన ముక్కలు, దగ్గులు, నవ్వులు, మంచినీళ్లు గుటకేసిన చప్పుళ్లు, వీటికోసమా ఇంత చోటు.

బయటి డిస్కులో పెట్టుకోవచ్చుగా అమ్మా, చెరిపెయ్యాలని ఎందుకంత పంతం అంటోంది వెనక నిలబడ్డ కూతురు, పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే మళ్లీ తీసి వింటుంది, ఇప్పుడు చేస్తున్నదీ అదే కదా, ఒక పేరా చదవడం, పాతది పెట్టుకుని వినడం, అది నున్నగా సాగిపోతుంటే ఇది ఇసుకలో చెప్పులు ఈడ్చినట్టు, ఛీ అనుకుని చెరిపేసి మళ్లీ మొదలు, గొంతు మానింది, హాయిగా చదువుకోండి అని డాక్టరు చెప్పి ఎన్నాళ్లయింది, ఒక్క అధ్యాయమూ తెమలలేదు, అమ్మా, ఆ ఫోల్డరులో నేను తలుపు తోసుకొచ్చి ఆకలేస్తోందని అరిచింది ఉందే, నువ్వు పడీ పడీ నవ్వుతావు, అదన్నా ఉంచవే అని బతిమాలుతోంది పిల్ల, సరే, అదొక్కటీ నీ ఫోనులోకి లాక్కో, నాకు మాత్రం వినిపించకు, అయిందా, ఇక జరుగు.

శాశ్వతంగా తీసెయ్యమంటారా అని అడిగింది కంప్యూటరు, దీనికీ అనుమానమే, ఆఁ, తీసెయ్, నొక్కేసింది, గీత నీలంగా మారింది, తలుపు వేసుకుని మైకు ముందు కూర్చుంది, మొదటి వాక్యం, గరగర, రెండోది, అలవాటుగా ఆపి వినడానికి చెయ్యి సాగింది, పోల్చి చూడ్డానికి ఏముందని, మూడోది, కథలో పడవవాడు వరదనీటిలోకి తెడ్డు వేశాడు, వాడి వెంటే తనూ, అవతలి ఒడ్డు కనబడదు, దీపం ఆరింది, వెయ్ తెడ్డు, ఇంకా వెయ్, అధ్యాయం చివరి మాట పలికాక గానీ తానెక్కడ కూర్చుందో గుర్తు రాలేదు, గొంతు పోయిందనే కదా ఇన్నాళ్లూ కుమిలిపోయింది, గొంతుకేం, నిక్షేపంలా ఉంది, ఇన్నాళ్లూ తాను పుస్తకం చదవనే లేదు, తనను తాను వింటూ కూర్చుంది.