చుక్క ఆగిన చోట్లు

గిట్టలో ఇరుక్కున్న రాతిముక్కను ఇనపకొక్కెంతో పైకి లాగి గోడవారకు విసిరేసి, ఆవిడ నడుం పట్టుకుని లేచింది. ముందు కుడికాలు అయింది, ఇంక ఎడమది మిగిలింది.

"ఎత్తవే తల్లీ. నీ కాలు నీకు బరువా, నాకు బరువా?"

చుక్క కాస్త ఆలోచించి కాలెత్తింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని దానికి ఆ పేరు. ఇరవైమూడేళ్ళ గుర్రం. కళ్ళ పైన గుంటలు పడ్డాయి, కింది పెదవి వేలాడుతోంది, జూలు సగం నెరిసింది. ఆవిడ జుట్టు కూడా దానితో పాటే నెరిసింది కాబట్టి ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఎగతాళి చెయ్యడానికి లేదు.

వీధిలో అందరూ ఆవిణ్ణి గుర్రాలత్త అంటారు. ఉన్నది ఒక్క గుర్రమే. కానీ ఆ ఒక్కదాన్నే ఇంతమంది ఇన్నిసార్లు, వాడుకుని తిరిగిచ్చేలా, ఎరువు పట్టుకెళ్ళారు కనుక, లెక్కకు ఇరవై ఉన్నట్టే. ఇల్లు మారేవాళ్ళు పట్టుకెళ్ళారు. చాకలాయన పట్టుకెళ్ళాడు. పంతులమ్మ తన కూతురి కోసం రెండేళ్ళ పాటు ప్రతి ఆదివారం పట్టుకెళ్ళింది. నడుం నిలవని పిల్ల అది. చుక్క వీపు మీద కూర్చుని కూర్చునే నడుం నిలబెట్టుకుంది, ఇప్పుడు మెట్లన్నీ తనే ఎక్కుతోంది. ఇచ్చిన గుర్రం ఎప్పుడూ ఆకలితో తిరిగి రాలేదు. కాళ్ళు కడిగి తెచ్చేవాళ్ళు, జూలు దువ్వి తెచ్చేవాళ్ళు. ఒకసారైతే ఎవరో ముచ్చటపడి తోకకు జడ వేసి మరీ తెచ్చారు.

అద్దె మాత్రం పైసా పుచ్చుకునేది కాదు. దానికి బదులు ఒకటే అడిగేది:

"ఎక్కడెక్కడ ఆగిందో చెప్పాలి."

దానికి కారణం లేకపోలేదు. ఆవిడ భర్త బండి తోలేవాడు. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, బండి మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. కునుకు తీస్తున్నాడనుకున్నారు దారిన పోయేవాళ్ళు. చుక్క అతను రోజూ ఆపే చోటల్లా ఆగుతూ, ఆగినచోట ఆగాల్సినంతసేపు నిలబడి, అతన్ని ఇంటికి తెచ్చింది. అరగంట దారికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఎక్కడెక్కడ గడిచాయో ఆవిడకు ఎవరు చెబుతారు?

నెల తిరక్కుండా చాకలాయన గుర్రాన్ని ఎరువు పట్టుకెళ్ళి, తిరిగొచ్చి విసుక్కున్నాడు. "నీ గుర్రానికి పిచ్చా అత్తా? మూసేసిన సోడాకొట్టు ముందు ఆగిపోయింది. లాగితే రాదు, తిడితే రాదు. ఒక బీడీ కాల్చేంతసేపు ఆగి, తనంతట తనే నడిచింది!"

ఆ పూట ఆవిడ తిండి తినలేదు. తెల్లారాక తనే వెళ్ళి, "ఇంకోసారి పట్టుకెళ్ళు నాయనా" అని చాకలాయన్ని బతిమాలింది.

అలా ఒక్కొక్క చోటే ఇంటికి వచ్చింది. సోడాకొట్టు వచ్చింది. వంతెన మొదలు వచ్చింది, అక్కడ నీళ్ళు చూసేవాడు కాబోలు. ఆస్పత్రి వెనకగేటు వచ్చింది. అత్తగారు పోయింది ఆ ఆస్పత్రిలోనే. తల్లి పోయిన నాడు కంట నీరు పెట్టని మనిషి, రోజూ ఆ గేటు దగ్గర ఆగేవాడని గుర్రం చెబితే గాని ఆవిడకు తెలియలేదు. బతికుండగా రోజుకు నాలుగు మాటలు మాట్లాడిన మొగుడు, పోయాక పదకొండేళ్ళు కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

ఒక్క చోటు గురించి మాత్రం ఆవిడ వినలేదు. సున్నపుబట్టీ సందులో, ఆకుపచ్చ కిటికీ.

"అక్కడాగి కుడికాలు ఎత్తుతుందత్తా. కిటికీలోంచి ఒక చెయ్యి వస్తుంది. దాని నుదురు నిమిరి..."

అంతవరకే. ఆ మాట వచ్చేసరికి ఆవిడ బకెట్టు అందుకుని నీళ్ళకు లేచేది. ఎంతమంది చెప్పబోయినా అంతే. ఆ చేతికి గాజులున్నాయా అన్న ఒక్క ప్రశ్న ఆవిడ ఎవరినీ అడగలేదు. రోజూ ఉదయం కళ్ళెం తుడిచేటప్పుడు నుదుటి పట్టీ చేతికి తగులుతుంది. తోలంతా గరుకు, ఒక్క నాలుగు వేళ్ళ మేర నునుపు. ఆవిడ అక్కడ నూనె రాయదు.

కిందటి వారం పశువుల డాక్టరు చుక్క ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. "బరువులు వద్దమ్మా. నడవనీ, కట్టేస్తే ఇంకా తొందరగా పోతుంది. పదిరోజులు... చూద్దాం" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడకు రెండు దిగుళ్ళు. గుర్రం పోతుందని ఒకటి, గుర్రంతో పాటే ఆ కిటికీ కూడా పోతుందని ఇంకోటి.

అద్దాలాయన వచ్చాడు. కిటికీలకు అద్దాలు బిగించే మనిషి. చుక్క లాగిన బండిలో ఇన్నేళ్ళలో ఒక్క అద్దం బీట వారలేదని ఊరంతా చెప్పుకుంటాడు.

"నాలుగే అద్దాలత్తా. గాలంత బరువు. ఇస్తావా?"

"ఇస్తా. నేనూ వస్తా."

"నువ్వా? అద్దాల మధ్య కూర్చుని తుమ్మావంటే నా బతుకు పగిలిపోతుంది!"

"నడుస్తాలే. తుమ్మొస్తే నీ వైపు తిరిగి తుమ్ముతా."

గడ్డి మధ్య నిలబెట్టిన అద్దాలతో బండి కదిలింది. అద్దాలాయన ముందు పగ్గం పట్టుకున్నాడు, ఆవిడ చక్రం పక్కన నడిచింది. తోలేవాడు కూర్చునే పలక ఖాళీగా ఉంది. బండి ఊగినప్పుడల్లా అద్దంలో ఆ ఖాళీ కూడా ఊగింది. ఎండ పక్కకు తిరిగినప్పుడు ఆ పలక మీద ఎవరో వంగి కూర్చున్నట్టు ఒక నీడ కనబడింది. ఆవిడ తల తిప్పి చూడలేదు. చూస్తే లేచిపోతాడేమోనని భయం.

సోడాకొట్టు దగ్గర ఆగింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వంతెన దగ్గర ఆగింది. ఆస్పత్రి వెనకగేటు దగ్గర ఆగి, చెవులు వెనక్కి పెట్టి, మెల్లగా నడిచింది. ఆవిడకు కొత్త ఊళ్ళో నడుస్తున్నట్టు లేదు. తెలిసిన ఇంట్లో చీకట్లో గది నుంచి గదికి వెళుతున్నట్టుంది.

సున్నపుబట్టీ సందు వచ్చింది. చుక్క ఆగింది. కుడికాలు ఎత్తింది.

కిటికీ రెక్క తెరుచుకుంది. చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, చిటికెనవేలు వంకర. గాజులు లేవు. మణికట్టు మీద తెల్లటి వెంట్రుకలు. మగవాడి చెయ్యి.

ఆవిడ చక్రం పట్టుకుని నిలబడింది.

చెయ్యి వెతుక్కుని, చుక్క నుదుటి మీద వాలింది. "ఏరా, ఇవాళైనా నోరు విప్పుతావా?" అంది లోపలి గొంతు, బండి తోలేవాడితో అన్నట్టు. "పదకొండేళ్ళుగా ఆఁ తప్ప ఇంకో మాట లేదు. నేనేం తప్పు చేశాన్రా?"

ఆవిడ అద్దాలాయన వైపు చూసింది. అతను పగ్గం సర్దుకున్నాడు. "ఏదో గొణుగుతాడు, నేను ఆఁ అని వచ్చేస్తానత్తా. అద్దాలు పెట్టుకుని కబుర్లేం చెప్పను? మిగతావాళ్ళూ అంతే."

ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్ళింది. మంచం మీద ఒక ముసలాయన. కళ్ళలో పాలపొర.

"వచ్చింది మీవాడు కాదన్నయ్యా. నేను వాళ్ళావిణ్ణి. ఆయన పోయి పదకొండేళ్ళు."

చెయ్యి గుర్రం మీదే ఉండిపోయింది. "అలిగాడనుకున్నానమ్మా" అన్నాడు ముసలాయన. "ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను వెధవని."

"మీరెవరు?"

"దీన్ని అమ్మినవాణ్ణి. చూపు పోయాక ఏం చేసుకుంటాను? ఈ పెరట్లోనే పుట్టింది. అమ్మినవాడు మళ్ళీ చూస్తే గుర్రం బతకదని, నాకు చూపించనని మీ ఆయన చేత ఒట్టు పెట్టించుకున్నావటగా. 'మా ఇంటిది చూడొద్దంది, నీకెలాగూ కనబడదు, పట్టుకో' అని రోజూ తెచ్చి చూపించేవాడు. 'ఒక్క బీడీ సేపు ఎరువిస్తున్నా, తిరిగిచ్చెయ్యి' అనేవాడు."

ఆ ఒట్టు ఆవిడకు గుర్తుంది. గుర్రం వచ్చిన మొదటి రోజు, గుమ్మంలో నిలబడి పెట్టించింది. అతను మారుమాట లేకుండా తల ఊపాడు. ఆ తల ఊపడం వెనక ఇంత తెలివుందా! ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఎరువివ్వడం తనే మొదలుపెట్టానని ఇన్నాళ్ళూ గొప్పగా అనుకుంది.

అద్దాలు దించి వచ్చేసరికి పొద్దు వాలింది. చుక్క ఆ కిటికీ దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి ఎంతసేపటికీ కదల్లేదు. ఆవిడ కాసేపు చూసి, బండి కట్లు విప్పింది.

"అన్నయ్యా, ఈ పూటకు చుక్కని మీకు ఎరువిస్తున్నా. అద్దె వద్దు. ఎక్కడ ఆగిందో చెబితే చాలు."

పెరటి గుంజ ఇంకా అలాగే ఉంది. చుక్క దాని దగ్గరకు ఎవరూ చూపించకుండానే వెళ్ళింది. ఆవిడ దాని మెడ మీద చెంప ఆనించి, తర్వాత వెనక్కి చూడకుండా సందు దాటింది. ఖాళీ బండిని అద్దాలాయనే లాగాడు. "గుర్రాన్ని అడిగితే గుర్రం పని ఇచ్చావు కదత్తా" అని దారంతా సణిగాడు. ఆవిడ కోసం సోడాకొట్టు దగ్గరా, వంతెన దగ్గరా అడక్కుండానే ఆగాడు.

ఉదయం బకెట్టు నిండా నీళ్ళు పట్టి, అలవాటుగా కొక్కెం చేతిలోకి తీసుకున్నాక ఆవిడకు పాక ఖాళీ అని గుర్తొచ్చింది. అప్పుడే గుమ్మంలో నడివయసు మనిషి నిలబడింది. ముసలాయన కూతురు. మిల్లుకు పోతూ ఇటు వచ్చింది. చేతిలో కళ్ళెం.

"పిన్నీ, ఎక్కడ ఆగిందో చెప్పిరమ్మన్నాడు నాన్న." ఆ మనిషి కిందికి చూసింది. "తెల్లవారుతుండగా తనే కట్టు విప్పుకున్నట్టు వచ్చి, కిటికీ కింద పడుకుంది. నాన్న చెయ్యి దాని మీదే ఉంది. అక్కడే ఆగింది."

"మంచిది తల్లీ" అంది ఆవిడ. "చెప్పావు కదా. అద్దె ముట్టింది."

ఆ మనిషి వెళ్ళిపోయాక, ఆవిడ నూనెగుడ్డ తీసుకుని కళ్ళెమంతా తుడిచింది. నుదుటి పట్టీ దగ్గర ఈసారి చెయ్యి ఆగలేదు, అక్కడా రాసింది. రాసి, మేకుకు తగిలించింది. తలుపు సందులోంచి వచ్చిన ఎండ పాకలో దేనిమీదా నిలవకుండా జారి జారి, ఆ తోలు మీద నాలుగు వేళ్ళ మేర మెరిసింది.