రేగులపల్లె బండ్ల లెక్క

ఆ ఏడు పంచాయతీ సమితి చేతిలో ఉన్న డబ్బు రెండు రోడ్లకే సరిపోతుంది. అడిగిన ఊళ్లు మాత్రం బోలెడు. ఎవరికి ముందు, ఎవరికి వెనక అనేది తేల్చడానికి ఒక పద్ధతి పెట్టారు. బాట మీద రోజుకు ఎన్ని బండ్లు నడుస్తాయి, బాట చివర బడో అంగడో ఏముంది, ఊరివాళ్లు తమ వంతుగా ఏం చేస్తారు అని చూసి మార్కులు వేస్తారు. పరీక్షలా ఉన్న ఆ పద్ధతి వరలక్ష్మికి నచ్చింది.

వరలక్ష్మి సమితిలో మహిళా సభ్యురాలు. రేగులపల్లెలో కిరాణా కొట్టు నడిపే వీరభద్రం భార్య. హనుమకొండలో మెట్రిక్ దాకా చదువుకుంది. సమితి మీటింగుల్లో ఆమెకు చాయ్ ఇచ్చేవారు, సంతకం పెట్టించుకునేవారు. అంతకుమించి ఆమెతో ఎవరికీ పని పడలేదు. ఆమె కూడా పెద్దగా మాట్లాడింది లేదు.

ఈసారి మాట్లాడక తప్పదు. కూతురు పద్మ అయిదో తరగతి పూర్తి చేసింది. హైస్కూలు మడికొండలో ఉంది. మధ్యలో వాగు, దానికి అటూ ఇటూ నల్లరేగడి. వాన పడితే బండి ఇరుసు దాకా దిగబడుతుంది. కంకర రోడ్డు పడితే బస్సు నడుపుతామని బస్సులవాళ్లు మాట ఇచ్చారు. వీరభద్రం చెడ్డవాడు కాదు గాని, అన్నమాట మీద నిలబడే మనిషి. బస్సు వస్తే పంపుదాం, లేకుంటే ఇంట్లోనే ఉంటుందన్నాడు.

తీరా మార్కులు చూస్తే రేగులపల్లె అట్టడుగున ఉంది. బండ్లకు పడ్డ మార్కులు లేనట్టే. వరలక్ష్మి నమ్మలేకపోయింది. తెల్లవారింది మొదలు కొట్టు ముందు నుంచి వరుసగా బండ్లు పోతూనే ఉంటాయి. లెక్క రాసిన ఓవర్సీరు సారంగపాణిని అడిగితే, పొద్దంతా వాగు గడ్డన గొడుగు వేసుకుని కూర్చున్నానని, వచ్చినవే రాశానని అన్నాడు. అబద్ధమాడే మనిషిలా లేడు.

ఊరికి వచ్చి ముసలి కట్టయ్యను నిలదీసింది. బండ్లవాళ్లలో ఆయన మాటే చెల్లుతుంది. ఆయన ఎడ్ల వైపు చూస్తూ చాలాసేపు నసిగి, చివరికి చెప్పాడు.

"కాయితం పట్టుకోని ఎవడో బాట పొంటి కూసున్నడని తెలిసింది. లెవీ కింద వడ్లు గుంజుకపోయిన కాలంల గట్లనే కూసునేటోళ్లు బిడ్డా. బండి పన్ను రాసుకోనీకె వచ్చిండనుకోని, అందరం చెల్కలకెల్లి మళ్లిచ్చుకపోయినం."

వరలక్ష్మికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సమితి ప్రెసిడెంటు కిషన్ రావు సంగతి విని, దానికంత ఫికరెందుకు, ఒక అంకె మార్చి రాసుకుందామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తనకోసం ఇవాళ ఒక అంకె మారితే, రేపు ఇంకొకరికోసం ఇంకొకటి మారుతుంది. మళ్లీ లెక్కపెట్టించమని అడిగింది. అది కూడా బండ్లు ఎక్కువ తిరిగే అంగడి రోజున కాకుండా మామూలు రోజున.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఇది పన్ను కాదు, బండ్లు కనబడితేనే రోడ్డు, రోడ్డుంటేనే బస్సు అని. బహుశా మరీ బాగా చెప్పింది.

లెక్క రోజున సారంగపాణి పక్కనే కూర్చుంది. పొద్దున్నుంచే బండ్లు కదిలాయి. వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. సారంగపాణి హుషారుగా గీతలు పెట్టుకుంటూ పోతున్నాడు. ఎండ ఎక్కే వేళకు ఒక కొమ్ము విరిగిన ఎద్దు ముందు నుంచి పోయింది. అదే ఎద్దు ఇందాకా పోయింది, అంతకుముందూ పోయింది. ప్రతిసారీ మడికొండ వైపే. తిరిగి రావడం మాత్రం బాట మీద కనబడలేదు. అప్పుడు తప్పించుకున్న చెల్కల దారినే, మెట్ట చేల మీదుగా, ఇప్పుడు వెనక్కి వచ్చి, మళ్లీ బాట ఎక్కుతున్నారు.

సారంగపాణికి ఏ ఎద్దయినా ఎద్దే. వరలక్ష్మి మాత్రం ఊళ్లో ప్రతి జతనూ ఎరుగును. ఆమె ఊరుకుంటే రోడ్డు వస్తుంది, పద్మ చదువు సాగుతుంది. కాసేపు ఊరుకుంది కూడా. తర్వాత లేచి బాట మధ్యకు పోయి నిలబడింది.

"తాతా, ఎడ్లు అలిసినయి. ఇంటికి తోలుకపో."

కట్టయ్య పగ్గం బిగించాడు. "బండ్లు ఎక్కువుంటె రోడ్డొస్తదని నువ్వే చెప్తివి గద బిడ్డా?"

"ఉన్నయి చాలు తాతా. లేనియి మనకొద్దు."

అప్పుడు ఆమె ఒక్కొక్క జతనూ ఆనవాలుపట్టి చెబుతుంటే, సారంగపాణి గీతలు కొట్టివేశాడు. ఊరు కిందికి జారుతుందేమో చూసుకోండని ఆమెను హెచ్చరించాడు కూడా. తెలుసునంది.

మీటింగులో రేగులపల్లె మూడోది అయింది. మొదటి రెండు ఊళ్లకూ మంజూరు చదివి, కిషన్ రావు కాగితం మడవబోయాడు. వరలక్ష్మి లేచింది. ఊరి వంతు కింద రేగులపల్లెకు మార్కులే వేయలేదని గుర్తుచేసింది. అంతకుముందు అడిగినవాళ్లూ లేరు, చెప్పినవాళ్లూ లేరు. ఇప్పుడు బండ్లవాళ్లంతా మాట ఇచ్చారు. మట్టికట్ట పోసి, మొరం కంకర తోలి పరిచే పని ఊరిదే. సమితి వాగు మీద కల్వర్టు కట్టి, రోలరు పంపిస్తే చాలు. రెండు రోడ్లు పోగా మిగిలేదానితో అది అవుతుందా అని ప్రెసిడెంటు ఓవర్సీరు వైపు చూశాడు. సారంగపాణి లెక్క వేసుకుని, బొటాబొటిగా అవుతుందన్నాడు.

బండ్ల ముచ్చట అప్పటికే అందరికీ తెలిసిపోయింది. వెనక వరుసలో ఒక సభ్యుడు మీసం దువ్వుకుంటూ అన్నాడు.

"పోసిన మొరమే ఎత్తుకపోయి, తిప్పి తెచ్చి పోస్తరేమో చూసుకోన్రి."

హాలంతా నవ్వింది. వరలక్ష్మి కూడా నవ్వింది.

"తిప్పితే నేనే కొట్టేయిస్త అన్నా. నా సంగతి మీకెర్కే గద."

మిరుగు లోపల, అంటే వానలు మొదలయ్యేలోగా, ఊరు తన పని ముగించాలన్న షరతుతో మూడో రోడ్డు కూడా మంజూరైంది.

సాయంత్రం కొట్టు ముందు బండి దిగి వీరభద్రానికి అంతా చెప్పింది. ఆయన బెల్లం తూచడం ఆపి విన్నాడు. బస్సు ఇంకా రాలేదుగా అన్నాడు. మొరం పడితే వానకు బండ్లు దిగబడవని, ఊరి బండ్లు రోజూ మడికొండకు పోతూనే ఉంటాయని, బస్సు వచ్చేదాకా పద్మ వాటిమీద పోతుందని ఆమె అంది. వీరభద్రం త్రాసులో ఇంకో బెల్లం ముక్క వేశాడు. తర్వాత, హైస్కూలు ఏ రోజున తెరుస్తారో కనుక్కున్నావా అని అడిగాడు.