చావుకేకల బాబాయ్

కత్తిపోటుకు రెండుసార్లు, నీళ్లలో మునిగి ఒకసారి చచ్చాక బాబాయ్ గుక్కెడు వేడినీళ్లు తాగి గొంతు సవరించుకున్నాడు. లోయలో పడి చావడం ఇంకా మిగిలే ఉంది. ఇంతలో అందరినీ హాల్లోకి రమ్మన్నారు. బాబాయ్ చచ్చినట్టు లేచాడు.

వీడియోగేమ్ కంపెనీలో ఆయన అసలు ఉద్యోగం తప్పులు పట్టడం. ఆటలోని ప్రతి గోడకూ బొమ్మను గుద్దించి, ఏ గోడలోంచి అది అవతలికి దూరిపోతోందో చెప్పాలి. కంపెనీ ఆరుగురితో మొదలైన రోజుల్లో, పాత్రల గొంతులకు బయటి మనుషుల్ని తెచ్చే స్తోమత లేక, బయటి చప్పుడు దూరకుండా దుప్పట్లు వేలాడదీసిన బీరువాలాంటి గదిలోకి ఈయన్ను తోసి, "ఒక్కసారి చచ్చిపో బాబాయ్" అన్నారు. చాలా బాగా చచ్చాడు. కంపెనీ అరవైమందికి పెరిగింది. హీరోకి బయటినుంచి ఖరీదైన గొంతు వచ్చింది. హీరో చేతిలో పోయే సైనికులందరికీ మాత్రం బాబాయ్ గొంతే! బతుకుతెరువు కోసం ఇన్నిసార్లు చచ్చినవాడు ఇంకొకడు ఉండడు.

"ఆటలో నువ్వేం చేస్తావు నాన్నా?" అని కూతురు అడిగితే, "గొంతిస్తా" అన్నాడు. "హీరోకా!" అని ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. కాదనడానికి నోరు రాలేదు. మర్నాటికి బడంతా తెలిసిపోయింది. ఆట విడుదల దగ్గరపడేకొద్దీ బాబాయికి అన్నం సయించడం మానేసింది.

హాల్లో మేనేజరు ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "కంపెనీ మూసేస్తున్నారు. ఆట బయటికి రాదు. ఇవాళే మనకి ఆఖరు."

వెంటనే, మైకు లేకుండానే చివరి కుర్చీదాకా వెళ్లే గొంతొకటి పలికింది.

"హమ్మయ్య!"

నాలుగేళ్లుగా ఆటలోని చెట్లకు ఆకులు గీస్తున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. "మా కొంపలు మునిగితే నీకు హమ్మయ్యా, బాబాయ్?"

"చావుల్లో పండిపోయాడుగా, మన చావు ఆయనకో లెక్కా!" అన్నారెవరో.

బాబాయ్ తల దించుకున్నాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. కూతురు. ఆయన ఒక్కక్షణం తటపటాయించి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"నాన్నా! మావాళ్లు నమ్మట్లేదు. హీరో గొంతుతో ఒక్కమాట చెప్పవా!"

"హీరోని నేను కాదమ్మలూ. వాడి చేతిలో చచ్చేవాళ్లందర్నీ నేనే. ఆట వస్తే నీకు తెలిసిపోతుందని భయపడి చచ్చా. ఇప్పుడది రాదన్నారు. ఇక్కడ అందరి ఉద్యోగాలూ పోతుంటే... నేను హమ్మయ్య అన్నానమ్మా."

అవతల పిల్లల గుసగుసలు. తర్వాత బాగా తగ్గిన గొంతు. "పోనీ ఒక్కసారి చచ్చిపో నాన్నా. వీళ్లు వింటారు."

బాబాయ్ నోరు తెరిచాడు. అరవైమందీ ఆ నోటివంకే చూస్తున్నారు. ఎంత గింజుకున్నా గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆకుల అమ్మాయి వచ్చి ఫోను మెల్లగా అందుకుంది. "మీ నాన్న అరిస్తే మేమే ఉలిక్కిపడతామమ్మా," అంది. ఆయన వైపు మాత్రం చూడలేదు.

సాయంత్రానికి సంచులన్నీ మెట్లు దిగిపోయాయి. దుప్పట్ల గదిలో, మైకుకు తొడిగిన నల్లటి స్పాంజి టోపీకి పొద్దుటి చావుల తడి ఇంకా ఆరలేదు.