చేదెరిగిన నాలుక

వైశాఖమాసపు సాయంకాలము. నిదాఘమార్తాండచండకిరణసంతప్తములై మహానగరపశ్చిమప్రాంతమున గుట్టలుగా బడియున్న శిలాసముదాయములు పగలెల్ల ద్రావిన యెండను మెల్లమెల్లగా వెడలగ్రక్కుచుండ, వేపచెట్ల నీడలు తారురోడ్డుపై పొడవుగా సాగుచుండ, ఆ బండల నడుమ నూతనముగా వెలసిన యొక బీరుశాలయందు గాజుగోడల వెనుక వరుసదీరిన యుక్కుతొట్లు పడమటి వెలుగు దాకి మిరుమిట్లు గొలుపుచుండెను. నోరెండిన బాటసారి యెవడైనను ఆ దిక్కు చూడకుండ పోజాలడు.

ఆనాడా శాలలో బ్రథమాసనము నలంకరించి కూర్చున్నవాడు గుండ్లసాగర గ్రామవాస్తవ్యుడును గీతవృత్తికులవృద్ధుడును నగు తాళ్ళపల్లి రాజలింగము గౌడు. ఒక్క గుక్క నోట బోసినమాత్రమున నిది యే చెట్టు కల్లో యే జామున దించినదో లొట్టి యను కల్లుకుండ కడిగినవారు శ్రద్ధగా గడిగిరో లేదో చెప్పగల జిహ్వ యాతనిది. చుట్టుపట్ల పండ్రెండూళ్ళ గౌడు లాతని మాటకు దలయొగ్గుదురు. అట్టివాడు ఇంట కూరలో నుప్పు మరచినను నోరెత్తక తినిపోవునని యాతని యిల్లాలు వేళాకోళము సేయుచుండును.

గుండ్లసాగరపు మండువలో, అనగా కల్లు పోసి యమ్ము తావున, నొక కట్టుబాటు గలదు. చెట్లనుండి దించిన కల్లు నెవ్వరికి బోయుటకును మునుపు పెద్దగౌడు రేక యను తాటాకుదొన్నెలో దొలిగుక్క ద్రావి చూడవలెను. తీపియైనను బులుపైనను ఒగరైనను దోషము లేదు గాని నాలుకకు జేదు దగిలినచో నందు మత్తెక్కించు విషపుమందు కలిసినదని యర్థము. అప్పు డాతడు క్షణమైన దడయక తన చేతులతోనే యా కుండను నేల బోర్లించును. నింద పడినవాడు తాను నిర్దోషినని చూప దలచెనేని యందరి యెదుట నా కల్లే తాను ద్రావవలెను. పెద్దగౌడు తీర్పు తప్పని యొక్కమారు తేలెనా, మరి యెన్నడును నాతడు తొలిరేక పట్టరాదు. రాజలింగము గౌడు నలువది రెండేండ్లుగా నా రేకను బట్టుచుండెను. అంతకు మునుపు, ఆతడింకను బడుచువాడై యుండగా, అన్నయగు సాయిలు పొరుగూర మందుకల్లు ద్రావి పూట తిరుగకముందే ప్రాణములు విడిచెను. ఆ లొట్టి యడుగున మిగిలినదానిని వ్రేలితో నంటి చూచిన తమ్మునికి నాటినుండి చేదనగా మృత్యువే.

ఇక నాతని నీ శాలకు రప్పించినది మేనకోడలు స్రవంతి. తల్లి చిన్ననాడే పోగా మేనమామ భుజమెక్కి మండువలో బెరిగిన యా పిల్ల సూక్ష్మజీవశాస్త్రమును జదివి, పులియుటలోని మర్మము లన్నియు నేర్చి, ఇప్పుడీ శాలలో బీరు గాచుచుండెను. గౌడుబిడ్డ చెట్టు విడిచి తొట్టి పట్టెనని యూరి పెద్దలు మూతులు విరుచుచుండిరి. ఆ విరుపు లామె కడుపులో ముల్లై యుండెను. బెల్జియము దేశపు మఠములలో సన్న్యాసులు కాచు ఘాటైన బీరొకటి గలదు. దానిని జూచి యమెరికావా రూరకుండ లేక తమ తోటలలోని హాప్స్ అను తీగపువ్వులను దోసిళ్ళకొలది గుమ్మరించి చేదెక్కించి తమదే యొక క్రొత్తరకమును బుట్టించిరి. ఆ రకమును స్రవంతి రెండు నెలలు కనిపెట్టుకొని యుండి కాచెను. పట్టణమువారు మెత్తురో లేదో యామెకు బట్టింపు లేదు. మామ యొక్కమారు బాగున్నదని యనినచో నూరిలో నెవ్వడును మరి నోరెత్తడని యామె యాశ. కావున శాల యజమానిని బ్రతిమాలి తన యూరి పెద్దల నెనమండ్రను బిలిపించి తొలిగుక్క మామకే యని నిశ్చయించెను.

అందొక్క పొరపాటు చేసెను. అది యేమి పానీయమో యందేమి వేసెనో మామకు మాటమాత్రము చెప్పదాయెను. ముందుగా జెప్పినచో మామ చెవులతో రుచి చూచునని యామె భయము.

పెద్ద గాజుకూజాలో దెచ్చి బల్లపై నుంచగానే పెద్దలందరు మెడలు సాచిరి. పసిడివన్నెయై యొకింత మసకబారి తెల్లని నురుగు గిరీటముతో నది నిజముగానే ప్రొద్దుటి యీతకల్లును దలపించుచుండెను.

“అగో, మన కల్లు లెక్కనే ఉన్నది గదనే! దీనికోసమా మమ్ముల పట్నం దాంక తోల్కొచ్చినవ్?” అని రాజలింగమునకు వరుసకు దమ్ముడగు కనకయ్య గౌడు నవ్వెను.

“తొలిగుక్క నీదే మామా. నేనేం చెప్ప. నీ నాలికెనే చెప్పాలె,” అని స్రవంతి గ్లాసు నిండించి చేతికిచ్చెను.

వృద్ధుడు గౌడుల కులదైవమగు కాటమయ్యను దలచి మూడుచుక్కలు నేల విడిచి గ్లాసును ముక్కుకడకు జేర్చెను. మామిడికాయ ముచ్చిక విరిచినప్పటి సొనవాసనయు, బత్తాయి తొక్క నలిపినప్పటి ఘుమఘుమయు నొక్కమారుగా మీదికి రాగా నాతని మొగము విప్పారెను. మీసము సవరించుకొని నిండుగుక్క ద్రావెను.

మరుక్షణమున నా మొగమునుండి రక్తమంతయు దిగిపోయెను. చేదు! నాలుక మొదట నంటి, అంగుడికి బ్రాకి, గొంతు గోడలం బట్టుకొని, నేలవేము నమిలినట్లు, వేపచెక్క నరుగదీసి పోసినట్లు నిర్దయమగు చేదు! నలువది రెండేండ్లలో నాతడు బోర్లించిన కుండలు ఏడు. ఆ యేడింటి చేదును గలిపినను నింత కాదు. కన్నులకు బీరుశాల మాయమై సాయిలు నురుగు గట్టిన పెదవులు గనబడెను. ఆతడు దిగ్గున లేచి రెండుచేతుల గూజా నెత్తి, ఎవ్వరు వలదనుటకును వ్యవధి నీయక, తళతళలాడు పాలరాతినేలపై దలక్రిందుగా బోర్లించెను.

“తాగకుండ్రి! ఎవ్వలు ముట్టకుండ్రి! మందు కలిసింది!” అని యాతడరచిన యరపునకు గాజుగోడలు మారుమ్రోగెను. ఆపై మేనకోడలి వంక దిరిగి, “నా ఇంట్ల పెరిగి మందు కలిపినవా బిడ్డా?” అనెను.

నురుగు కుర్చీకాళ్ళ నడుమ బుసబుసలాడుచు బ్రవహించెను. కనకయ్య నవ్వు నోటనే నిలిచిపోయెను. యజమాని యేమో చెప్పబోయి రెండడుగులు ముందుకు వచ్చెను గాని స్రవంతి చేయెత్తి వారించెను. ఆమె యేడ్వలేదు. వాదింపలేదు. మండువలో బెరిగిన పిల్ల గనుక దన కేమి చేయవలసియున్నదో యెరుగును. ఆ బీరు కాచిన తొట్టికడకు బోయి మరియొక గ్లాసు నిండ బట్టి తెచ్చి, ఎనమండ్రు పెద్దల యెదుట నిలిచి, మామ కన్నులలోనికి జూచుచు గడగడ త్రాగి, వట్టిగ్లాసును దలక్రిందు చేసి చూపెను.

నింద పడినవారు త్రాగుట రాజలింగ మెరుగనిది గాదు. కాని తన భుజముపై నిదురించిన పిల్ల తనముందు నేరగత్తెవలె నిలిచి త్రాగుట చూచునప్పటికి దలపై బిడుగు పడినట్లయ్యెను. అంతలోనే యాతని నోట నింకొక వింత మొదలయ్యెను.

మందుకల్లు చేదు నాలుకను మొద్దుబార్చును. ఇది మొద్దుబార్చలేదు. చేదు తెరవలె మెల్లగా దొలగుచుండ దాని వెనుకనుండి లవంగపు ఘాటు పైకి వచ్చెను. తరువాత మగ్గిన చక్కెరకేళి తావి. ఆపై దేనెవంటి మెత్తని తీపి, కడపట గడుపులో వెచ్చదనము. నాలుక నిద్ర మేల్కొన్నట్లయ్యెను. ఇంత శుభ్రముగా బులిసిన రసమును దన జన్మమున నెరుగనని యా నాలుకయే సాక్ష్యము పలుకుచుండెను. చేదు తగిలినప్పటి యదరుపాటు దీని ముందు లెక్కలోనిది గాదు. ఆతడు మేనకోడలి కడకు రెండడుగులు వైచెను.

“బిడ్డా... గా చేదు ఏందిది?”

“పువ్వు మామా. హాప్స్ అంటరు. తీగకు పూస్తది. అమెరికాల గా చేదు లేకుంటె బీరే కాదంటరు.”

“మందు గాదా?”

“కాదు.”

అప్పటికే పెద్దలు నలుగురు తువ్వాళ్ళు దులుపుకొని వాకిలి దిక్కునకు గదలియుండిరి. ఈ సంభాషణము వారి చెవిని బడలేదు. రాజలింగ మొక్కింత యూరకున్నచో జాలును. వా రూరికి బోయి స్రవంతి మందు కలిపెనందురు, పెద్దగౌడు నాలుక మరియొకమారు గెలిచెనందురు, తొలిరేక చచ్చువరకు నాతనిదే. ఆ రేక తప్ప నాతనికి వేరు కిరీటము లేదు. ఆ సంగతి యాతడెరుగును. ఎరిగియు గొంతు సవరించుకొనెను.

“ఆగుండ్రి. ఒక మాట ఇని పోండ్రి. నా నాలికె తప్పింది. నా బిడ్డ తప్పలే.”

వాకిటివారు శిలలై నిలిచిరి. పండ్రెండూళ్ళలో నిట్టి మాట పెద్దగౌడు నోట విన్నవాడు లేడు.

కనకయ్య పరుగున వచ్చి చెవిలో, “అన్నా, గంత మాటెందుకు? ఇది కల్లే గాదాయె. ఇది లెక్కల రాదే,” అని గొణిగెను.

“చేదు చూసి మందన్న. పది మందిల అన్న. తీర్పు తీర్పేరా. రేపటికెల్లి తొలిరేక నేను పట్ట,” అని యాతడు తడబడక చెప్పెను.

పెద్దలు మరల వచ్చి కూర్చుండిరి. గ్లాసులు నిండెను. తొలుత మొగములు వికారముగా మాడ్చికొనినవారే పిమ్మట లొట్టలు వేయుచు రెండవ గ్లాసున కాశగా జూచిరి. గౌడుబిడ్డ చేయి మంచిదని యొకడనెను, మరియొకడు తలయూపెను. స్రవంతి కోరినమాట యామెకు దొరకెను. ఆమె మొగమున మాత్రము వెలుగు రాలేదు.

రాజలింగ మామె దగ్గరకు బోయి తలపై జేయి యుంచబోయి యుంచలేక నిలిచెను. “మస్తుగ కాసినవ్ బిడ్డా. పారబోస్తి. తప్పాయె,” అనెను.

“పారబోసినందుకు నాకేం బాధ లేదు మామా. తొట్టిల ఇంక మస్తున్నది,” అని యామె తల వంచుకొని, “నన్ను ఒక్క మాట అడగకపోతివి,” అనెను.

ఆతడామె పోసి యిచ్చిన గ్లాసును రెండుచేతుల నందుకొని కిటికీకడ నొంటిగా గూర్చుండెను. ప్రొద్దు బండల వెనుకకు దిగుచుండెను. రుచుల నెరిగిన నాలుక లోకమున దొరకవచ్చును గాని ఎరిగితి నను గర్వమును నమ్మి మనుష్యుని నమ్మనివానికి గడపట దక్కు రుచి యొక్కటియే. గుక్క వెనుక గుక్కగా నాతడు మెల్లగా ద్రావెను. చేదు వచ్చెను. దాని వెనుక దీపి వచ్చునని యెరిగి యాతడు కన్నులు మూసికొని వేచెను. ఈమారది రాలేదు.