పది కిలోమీటర్ల దూరం

ఉల్లిగడ్డలు కోస్తూ ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు. సకల జనుల సమ్మెలో నాకు దొరికిన సుఖం అదొక్కటే. రోడ్డు మీద వంటావార్పు అంటే మగవాళ్లు గంటె పట్టుకుని ఫోటోలు దిగడం. బియ్యం ఏరడం, కూరగాయలు తరగడం, మసాలా నూరడం అంతా ముందురోజే మా ఇంట్లో అయ్యేది. సొమ్మొకడిది, సోకొకడిది. మాది కొడకండ్ల అవతల బావి దగ్గర ఒంటరి ఇల్లు. కేకేస్తే చేను దాటి వినపడదు. ఉండేది ముగ్గురం: నేను, బడిపంతులైన మా ఆయన కొమురెల్లి, మా అత్త కట్టమ్మ.

అలాంటి ఒక వంటావార్పుకు ముందురోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వకు పానం మంచిగలేదు. నిన్నే యాదిజేస్తున్నది. జర జల్ది రా."

అమ్మ ఉండే తల్లిగారిల్లు పది కిలోమీటర్లు. బస్సులు బందు, ఆటోలు బందు. మా ఆయన బండి మాత్రం మీటింగులకని రోజూ జనగామ పోయి వస్తూనే ఉంది. నన్ను దింపి రమ్మని అడిగాను.

"రేపు మూడు వందల మందికి వంట. నువ్వు లేకుంటే ఎట్లయితది రాజమణీ? ఎల్లుండి నేనే తోల్కపోత."

"ముసలోళ్లకు గట్లనే ఉంటది బిడ్డా" అంది అత్త, బియ్యం చాట నా ముందుకు జరుపుతూ.

ఆయన్ని తిట్టుకోవడం ఇప్పుడు సులువే. కానీ 'నువ్వు లేకుంటే ఎట్ల' అన్న మాటకు నేను లోలోపల పొంగిపోయాను. పన్నెండేళ్ల కాపురంలో నేను లేకపోతే ఆగిపోయే పని ఒకటుందని ఆయన నోట వినడం అదే మొదలు. సిగ్గుండాలి నాకు. అమ్మ వాకిలి వైపు చూస్తున్న పొద్దున, నేను పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూశాను.

ఎల్లుండి రాకముందే అమ్మ పోయింది. అప్పుడు మాత్రం బండి బయలుదేరింది. అరగంట కూడా పట్టలేదు.

"ఆఖరికి అవ్వ ఏమన్నదిరా?" అని తమ్ముణ్ని అడిగాను.

"ఏ బండి సప్పుడైనా, అక్క వచ్చిందా అన్నది" అన్నాడు.

దినాలయ్యాక ఆయన నన్ను దీక్షా శిబిరానికి తీసుకుపోయాడు. మైకందుకుని, "కన్నతల్లి సావుబతుకుల్ల ఉన్నా నా భార్య ఉద్యమాన్ని ఇడిసిపోలే. త్యాగమంటే గిది" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. మా అమ్మ చావు కూడా ఆయనకొక ఉపన్యాసమైంది.

"జై తెలంగాణ అను, సాలు" అని చెవిలో చెప్పి మైకు నా చేతికిచ్చాడు.

అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన మైకు కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"ఇందుల త్యాగమేం లేదు. మా అవ్వ రమ్మన్నది. ఈయన బండి తియ్యలే. పది కిలోమీటర్లు, నేను నడిచిగూడ పోలే."