పాదాల మంటకు మిరప మందు

నేను ఒక మందు ట్యూబును. పాదాల్లో నరాల మంటకు పైపూతగా రాసే మందును. నా ఒంట్లో ఉన్నది మిరపకాయ సారం. మిరపకాయ మంట తగ్గించడమేమిటని మీరూ అనుకుంటున్నారు కదూ. అనుకోండి, ఆ మాట విని విని నాకు అలవాటైపోయింది. కొత్తలో నేను మండిస్తాను. రోజూ మూడు పూటలా, వారాల తరబడి ఓపిగ్గా రాస్తే నరం నొప్పిని మోసే పని తగ్గించుకుంటుంది. ఈ నాలుగు ముక్కలూ నా ఒంటిమీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చువేశారు. కళ్ళజోడున్న వాళ్ళకు కూడా చదివే తీరిక లేదు.

నా తోడి మిరపకాయలు పచ్చళ్ళలోకీ కారంలోకీ పోయి పేరు తెచ్చుకున్నాయి. నా వంతు కాయలు మాత్రం ఏదో ఫ్యాక్టరీలో సారమై, తెల్లటి ముద్దలో కలిసి ఈ ట్యూబులో దూరాయి. తెనాలిలో ఒక మందుల షాపు నుంచి నన్ను కొనుక్కెళ్ళింది సత్యవేణి. ఆర్టీసీ బస్సులో కండక్టరు. షుగరు ముదిరి, నిలబడితే చాలు అరికాళ్ళు భగభగమంటున్నాయి. చూడబోతే వాపు లేదు, పుండు లేదు. కనపడని నొప్పిని నమ్మేదెవరు? భర్త శేషగిరి షూ బిగుతేమో అన్నాడు. పక్క వీధిలో ఉండే ఆడపడుచు కస్తూరి అయితే నవ్వేసింది.

"తిమ్మిర్లు ఎవరికి లేవు సత్యా? టిక్కెట్లు కొట్టేదానికే ఇంత ఇదైపోతే ఎట్టా?"

నిలబడలేని కండక్టరు బస్సు దిగిపోవాల్సిందే. ఆ ఉద్యోగమంటే సత్యవేణికి ప్రాణం. అందుకే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ నన్ను రాసిచ్చి, మండినా మానొద్దని మరీ మరీ చెప్పింది. సత్యవేణి బుద్ధిగా తలూపింది, ఇంటికొచ్చి రాసుకుంది, మండగానే వేడినీళ్ళు పోసి కడుక్కుంది. నా మీద వేడినీళ్ళు పోస్తే ఊరుకుంటానా? ఇంకా రెచ్చిపోయాను. ఆమె నన్ను తిట్టి ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన పడేసింది. తప్పెవరిది, తిట్లెవరికి?

నా బదులు మంట లేకుండా మొద్దుబార్చే పట్టీలు వచ్చాయి. చర్మానికి అంటించుకుంటే చాలట. ఎండాకాలం, షూ లోపల చెమట. మధ్యాహ్నానికల్లా పట్టీ పాదాన్ని వదిలి మేజోడుకు అంటుకుంది. పాపం, ఆ మేజోడుకు ఇక ఏ నొప్పీ ఉండదు. మిగిలిన పట్టీలను శేషగిరి తన భుజానికి వేసుకుని హాయిగా ఉందన్నాడు.

ఒకరోజు నొప్పికి తాళలేక సత్యవేణి ఖాళీ అయిన సీట్లో కాసేపు కూలబడింది. నిలబడి ఉన్న పెద్దమనిషి ఒకడు, మేం నిలబడితే నువ్వు కూర్చుంటావా అని బస్సంతా వినపడేలా అడిగాడు. ఆ సాయంత్రం ఆమె ఏడుస్తూ ఫ్రిజ్ తెరిచి నన్ను బయటికి తీసింది. ఈసారి పంతం పట్టి రాసుకోసాగింది. మండినా ఓర్చుకుంది. నాకూ ఆశ పుట్టింది. అంతలోనే శ్రావణ శుక్రవారం వచ్చిపడింది, కస్తూరి ఇంట్లో పేరంటం.

పేరంటం పద్ధతి మీకు తెలిసిందే. ఇంటావిడ ముత్తయిదువుల కాళ్ళకు తన చేత్తో పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడకు గంధం పూస్తుంది. సత్యవేణి సాయంత్రపు పూత వేసుకుని, అది ఆరకముందే వెళ్ళింది.

"నా కాళ్ళకొద్దు వదినా, మందు రాసుకున్నా."

"పసుపొద్దనే ఆడది ఉంటదా ఎక్కడన్నా? కాళ్ళిటు పెట్టు."

పెట్టింది. కస్తూరి వేళ్ళ సందుల్లోకి పోయేలా గట్టిగా రాసింది. ఆ చేతికంటుకుని నేనూ బయల్దేరాను. వరసగా కూర్చున్న వాళ్ళ పాదాలకు పాకాను, గంధంతో కలిసి మెడలకెక్కాను, చివరికి కస్తూరి చెమట తుడుచుకుంటూ నన్ను తన కంటికే అంటించుకుంది. కాసేపటికి ఒకావిడ మెడ గోక్కుంటూ గంధం కల్తీదంది. కాదు, కొట్టు పసుపే కల్తీదని ఇంకొకావిడ అంది. నేనున్నానని ఒక్కరికైనా తట్టదే. కస్తూరి అరచేతులు మండిపోతుంటే చెంబుల కొద్దీ నీళ్ళు గుమ్మరించుకుంటోంది. నీళ్ళకు నేను పోనని ఎవరు చెప్పాలి?

సత్యవేణి గబుక్కున లేచింది. "అది నా మందు వదినా. కంటికి నీళ్ళు కొట్టుకో. చేతులకు మాత్రం కొబ్బరినూనె రాసి సబ్బుతో కడుగు."

అందరూ శనగలు తీసుకుని వెళ్ళిపోయాక కూడా కస్తూరి అరచేతులు ఊదుకుంటూనే కూర్చుంది.

"నీ కాళ్ళు ఇట్టాగే మండతయ్యా?"

"ఇది మందు మంట, కాసేపటికి పోద్ది. నాది పోదొదినా."

మర్నాటి సాయంత్రం సత్యవేణి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి కస్తూరి చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ రోజు మొదలు సాయంత్రపు పూత ఆమెదే. తిడుతూనే రాసేది, కానీ ఒక్కనాడూ తప్పలేదు. వారాలు గడిచాయి. ఓ రోజు సత్యవేణి, గుంటూరు దాకా నిలబడే టిక్కెట్లు కొట్టానొదినా అని చెబితే, కస్తూరి తల వంచుకుని కవరు సర్దుకుంది.

ఇప్పుడు నేను చెత్తబుట్టలోంచి మాట్లాడుతున్నాను. నిన్న నేను అయిపోయాను. బందు వల్ల షాపులు మూసేశారు. శేషగిరి నన్ను తోక నుంచి చుట్టాడు, అప్పడాల కర్రతో నొక్కాడు, ఏమీ రాకపోయేసరికి ఒక్క పూటకేం కాదులే అన్నాడు.

"ఆ ఒక్క పూట నొప్పి నువ్వు పడతావంట్రా?" అని కస్తూరి కత్తెర తీసుకుంది.

నా పొట్ట నిలువునా కోసింది. నాకు కోపం రావాలి, రాలేదు. కవరు తొడిగిన వేలితో నన్ను మూలమూలలా గీరి సత్యవేణి అరికాలికి రాసింది.

"చాల్లే వదినా, అందులో ఏం లేదు."

"ఉంది. కదలబాక."

నాలో నిజంగానే ఏమీ లేదు. అయినా ఆమె గీరుతూనే ఉంది.